బదిలీకి కారణం

ఈ వారంలో మూడోసారి వచ్చింది మిల్లారాయ్
నా కిటికీ దగ్గరికి.
గొడుగు మడవదు. నేలంతా నీళ్లు.
వాల్దీవియాలో నేలమీద నీళ్లని
ఎవరూ తప్పుపట్టరు.

"దోన్యా ఎదెల్మీరా, ఫారానికి గడువు ఎప్పటిదాకా?"
శుక్రవారం అని సోమవారమే చెప్పాను.
మంగళవారమూ చెప్పాను.
తెలియక అడగదు.
గడువు అనే మాట ఇంకొకరి నోట వినాలి ఆమెకి,
నొప్పి పంటిని నాలుక పదేపదే తడిమినట్టు.

అటవీ ఇంజనీరింగు, మూడో ఏడు.
శాంతియాగోలో అదే చదువుకి
గాజు మేడ, ఉపగ్రహాల బొమ్మలు చదివే ల్యాబు,
ఆఖరి ఏడాది వాళ్లంతట వాళ్లే తలుపు తట్టే కంపెనీలు.
ఇక్కడ నిరుడు పట్టా పుచ్చుకున్న పద్దెనిమిది మందిలో
పని దొరికింది ఏడుగురికి.
ఆ లెక్క టైపు చేసింది నేనే.
నోటీసు బోర్డుకి ఎక్కించొద్దన్నారు.
ఆమెకి మాత్రం కాగితం ఇటు తిప్పి పెట్టి
నేను కాఫీకి వెళ్లాను.

అక్కణ్ణుంచి వచ్చిన పట్టికలో మూడు గడులు:
ఇక్కడ చదివింది, అక్కడ ఉన్నది,
చెల్లుతుందా లేదా.
గణితం చెల్లుతుంది. గణితానికి ఊరు లేదు.
మట్టి శాస్త్రం సగం చెల్లుతుంది,
ఏ సగమో రాయలేదు.
తడినేలల్లో క్షేత్ర శిక్షణ, పదకొండు రోజులు:
చెల్లదు.

ఆ చెల్లని పదకొండు రోజుల్లోనే
నాచు మీద ఎక్కడ కాలేస్తే మోకాలిదాకా దిగబడుతుందో
ఆ పిల్ల పాదాలు నేర్చుకున్నాయి.
ఎప్పుడో కూలిన అలెర్సే మొద్దు ముందు కూర్చుని
వలయాలు లెక్కపెడుతూ
నాలుగువందల దగ్గర తుమ్మిందట.
లెక్క తప్పింది.
మళ్లీ ఒకటి నుంచి.
"రెండోసారి ఎక్కువొచ్చాయి, తెలుసా,
మొదటిసారి నేను కొన్నిటిని దాటేశాను"
అని చెప్పింది నాకు, కౌంటరు మీద మోచేతులు ఆనించి,
వెనక వరసలో ఆరుగురు నిలబడి ఉండగా.
అది ఉండిపోవడానికి వాదనో
వెళ్లిపోవడానికి వాదనో
నాకు అర్థం కాలేదు.

నెహుయెన్ అన్నాడట,
నర్సరీ సంచిలోనే వదిలేస్తే మొక్క వేళ్లు
తమని తామే చుట్టేసుకుంటాయని.
"నేను మొక్కని కాను," అందట ఇది.
"మొక్కకి ఇంటద్దె ఉండదు."

దూరపు కొండలు నునుపు అనబోయి ఊరుకున్నాను.
దగ్గరి కొండైనా ఎక్కని దాన్ని,
నా నోట ఆ సామెత మరీ చవక.
ఇరవై మూడేళ్లుగా ఈ కిటికీ లోపలే ఉన్నాను.
వెళ్లినవాళ్లు ఉత్తరం రాయరు,
ఆగినవాళ్లు అద్దంలో నన్ను చూసి జుట్టు సవరించుకుంటారు.
ముద్రకి అభిప్రాయం ఉండదు,
సిరా ఉంటుంది.

శుక్రవారం. ఐదుకి పావు తక్కువ.
పెన్సిల్‌తో నింపి తెచ్చింది.
పెన్సిల్ పనికిరాదన్నాను.
నా పెన్ను అడిగి
ఒక్కో అక్షరం మీద మళ్లీ దిద్దుకుంటూ వచ్చి
'బదిలీకి కారణం' దగ్గర ఆగింది.
మొదటి గీత మీద: ఉద్యోగం.
"ఒక్కటి చాలదా?"
"చాలు."
"మరి రెండు గీతలు ఎందుకిచ్చారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు.
బయట చేపల రేవులో సీలయన్లు
ముసలివాళ్లలా దగ్గుతున్నాయి.
కట్టెల పొయ్యి పొగ వానలోనే కిందికి దిగుతోంది.
ఐదు దాటింది. కిటికీ మూయలేదు.
ఏదో రాసింది, చేయి అడ్డం పెట్టుకుని,
కాగితం నావైపు తోసి
గొడుగు మరిచిపోయి వెళ్లింది.

ముద్ర వేసేవాళ్లు కారణం చదవకూడదు.
చదివాను.
ఇంకా తెలియదు, అని ఉంది.

నిబంధనల పుస్తకం తీశాను.
తెలియదు అన్న కారణం చెల్లదని
ఏ పేజీలోనూ లేదు.
సిరా పెట్టె మూత తెరిచాను.