చొక్కా కొలత

ఆర్నెల్లకోసారి చిత్తూరు బస్సు దిగి
తిరుపతిలో నా చీకటి గదికి వస్తారు ఇద్దరూ.
చెంగల్రాయుడు చొక్కా పైకి లాక్కొని పడుకుంటాడు.
దొరసానమ్మ ఫైలు సంకన పెట్టుకొని నిలబడుతుంది.

ఆయన పెద్ద రక్తనాళం బొడ్డు పైన ఉబ్బి
ఐదు పాయింట్ ఒకటి దగ్గర ఆగిపోయింది, మూడేళ్లుగా.
బెల్లం మండీ ముందు బల్ల మీద ఆయన కూర్చున్నట్టే,
ఏ తొందరా లేకుండా.

ఉగాది ముందర, ఆయన జెల్ తుడుచుకుంటుంటే అడిగింది:
"నాకూ ఒకతూరి చూడమ్మా.
మిషను మీదికి వంగితే
కడుపులో ఇంకో మిషను కొట్టుకుంటా ఉండాది."

చీటీ లేదు. బయట టోకెన్లు పిలుస్తున్నారు.
పడుకోమన్నాను.

నలభై ఏళ్లు రవికలు కుట్టిన ఒళ్లు.
ఆయన ఆర్పి పెట్టిన సగం బీడీల్ని
పొయ్యి దగ్గర ముగించిన ఒళ్లు,
అది నా చెవిలో మాత్రమే చెప్పింది.

నాలుగు పాయింట్ రెండు.
దీపావళికి నాలుగు పాయింట్ తొమ్మిది.
రెండుసార్లు కొలిచాను. నమ్మక మూడోసారి.

"చిన్నదేనమ్మా, ఐదున్నర దాటితే చూద్దాం" అన్నాడు డాక్టరు.
గోడమీది చార్టులో గీత అక్కడే ఉంది మరి.

"ఆ ఐదున్నర ఎవుర్ని కొలిచి పెట్టినారు సార్?"
"ఎక్కువగా మగవాళ్లనే."

మెడలో టేపు లేదు గానీ
ఆమె చెయ్యి అక్కడికే పోయింది.
"చొక్కా కొలతకు రవిక కత్తిరిస్తే
చంకలో పిగులుతుంది సార్,
తొడుక్కున్న నాడే."

అభిప్రాయం రాసే గడి నాది కాదు.
అయినా రిపోర్టు అడుగున పెన్నుతో రాశాను:
ఉబ్బని చోట ఆయన నాళం రెండు, ఆమెది ఒకటిన్నర.
ఆయనది సాగింది రెండున్నర రెట్లు.
ఆమెది మూడు దాటింది. ఏడు నెలల్లో ఇంత.

డాక్టరు కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు,
చాలాసేపటికి సర్జన్‌కు ఫోన్ చేశాడు.

"సోమారం చేరాలంట. పదకొండు పెళ్లి రవికలుండాయి,
చేతిపని చేసి ఇచ్చేసి వస్తా. అంతవరకు ఆగుతుందా?"

నా దగ్గర ఆగేదాన్ని కొలిచే మిషను లేదు.
దారాలు ఇంకెవరికైనా ఇవ్వు, అన్నాను.

వరండాలో ఈసారి
రెండు ఫైళ్లూ ఆయన చేతిలోనే ఉన్నాయి.
ఏది ఎవరిదో తెలియక
అట్టలు తిప్పి తిప్పి చూస్తున్నాడు.