లేత గులాబీకి ముందు

హోమా బే దగ్గర ఓ ఆడపిల్లల బడిలో
ల్యాబు అసిస్టెంటుని. పేరు ఒగుటు.
ఇరవై రెండేళ్ళుగా బ్యూరెట్లు కడుగుతున్నాను.
పిల్లల మొహాలు గుర్తుండవు నాకు,
చేతులు గుర్తుంటాయి.

నవంబరు వస్తే ఆ చేతులు మారిపోతాయి.
గోళ్ళు కొరికినంత మేరా పొట్టివవుతాయి.
పిపెట్టు పట్టుకున్న చోట తడి మరక.
మొన్నటిదాకా జోకులేసుకుంటూ ఆమ్లాలు పోసినవాళ్ళు
గాజు కుప్పెని
అప్పుడే పుట్టిన తమ్ముణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటారు.

నిన్న సాయంత్రం అపొండి వచ్చింది,
రాత్రి చదువు గంట ఇంకా కొట్టకముందు.
"నాకన్నీ వచ్చు" అంది గుమ్మంలోనే.
గొప్ప చెప్పుకున్నట్టు లేదు,
ఏదో తప్పు ఒప్పుకున్నట్టుంది.
"అన్నీ వచ్చు. పేపరు తిప్పగానే ఒక్కటీ ఉండదు.
చెవుల్లో హోరు. నాలుక పిడచకట్టుకుపోతుంది.
నమూనా పరీక్షలో మూడుసార్లు హద్దు దాటాను,
ఒక్క చుక్క ఎక్కువై
కుప్పె అంతా ముదురు గులాబీ."

ఆమె చెబుతుంటే నేను చేతులే చూశాను.
ఎడమ బొటనవేలు కుడి అరచేతిని
నొక్కుతోంది, నొక్కుతోంది.

ధైర్యంగా ఉండమని అనలేదు.
ఆ మాట నాకూ చెప్పారు ఒకప్పుడు,
మా మాస్టారు, మా మేనమామ, పక్కింటి పాస్టరు గారు కూడా.
వాళ్ళు చెప్పిన ప్రతిసారీ
నాకు లేనిదేమిటో ఇంకొంచెం బాగా తెలిసింది.
ఆ ఏడాది వేరే ఊళ్ళో, ఇలాంటి గదిలోనే
ఒకే గంటలో రెండు కుప్పెలు పగలగొట్టాను.
అందుకే టీచర్ని కాలేదు.
ఇప్పుడు ఇతరుల కుప్పెలు లెక్కపెడతాను.

ఈ సంగతి చెప్తే ఆమెకి నవ్వొచ్చింది.
అప్పుడే అనుకుంటాను, బొటనవేలు ఆగింది.

కుళాయి తిప్పి చేతులు పెట్టమన్నాను.
సరస్సు నీళ్ళే, ట్యాంకులో ఎండకి కాగి
చల్లగా కూడా లేవు. ఫరవాలేదు.
మణికట్టు మీద పడుతుంటే లెక్కపెట్టమన్నాను.
ఇంటి భాషలో లెక్కపెట్టింది,
ఆచియెల్, ఆరియో, ఆదెక్...
పరీక్ష ఇంగ్లీషులో, భయం కూడా ఇంగ్లీషులోనే చదువుకున్నట్టుంది,
ఆ అంకెలు దానికి అర్థం కాలేదు.

తర్వాత ఉత్త నీళ్ళతో బ్యూరెట్టు నింపాను.
ఊపిరి వదులుతూ ఒక చుక్క వదులు.
వణికితే వణకనీ.
"వణుకుతూనే వదలొచ్చా?" అని అడిగింది,
ఎవరో అనుమతి కాగితం మీద సంతకం పెట్టాలన్నట్టు.

నేను పెద్దరికంగా గొంతు సవరించుకున్నాను.
మీ నాన్న రాత్రుళ్ళు చేపల వేటకి వెళ్తాడుగా,
పడవ ఊగడం మానేశాకే వల వేస్తాడా?
"మా నాన్న వేటకి వెళ్ళడు సార్,
మోటారు సైకిలు టాక్సీ నడుపుతాడు."
ఇద్దరం చాలాసేపు నవ్వాం.
పోతూ పోతూ గుమ్మంలో ఆగి తనే అంది,
"గుంతల దారిలో హ్యాండిలు బిగించి పట్టుకుంటే పడతాం అంటాడు.
వదులుగా పట్టుకోవాలట."

ఇవాళ పొద్దున పదకొండో బల్ల.
పర్యవేక్షకురాలి కళ్ళు గడియారం మీద.
నేను మాట్లాడకూడదు,
తడిగుడ్డ పట్టుకుని గోడకి ఆనుకున్నాను.

చేతులు వణికాయి. దాపరికమెందుకు, బాగానే వణికాయి.
మొదటిసారి హద్దు దాటింది. ముదురు గులాబీ.
కాసేపు అలాగే చూస్తూ నిలబడింది.
పెదవులు కదిలాయి. ఆచియెల్.
పారబోసింది, కడిగింది, మళ్ళీ నింపింది.
చుక్క.
చుక్క.
తెల్ల పలక మీద పెట్టి వంగి చూసింది,
ఉందా లేదా అన్నంత లేత రంగు.

ఎన్ని మార్కులొస్తాయో నాకు తెలీదు.
ముప్పై ఆరు బ్యూరెట్లు కడగాలి.
మూడో బల్ల దగ్గర ఒక పిల్ల
చివరిదాకా బొటనవేలు నొక్కుకుంటూనే ఉంది.
పేరు కనుక్కోవాలి,
ఇంకా భౌతికశాస్త్రం ఉంది.