రెండో పూత

మిష్రిఫ్‌ల, నాలుగో బ్లాకుల, ఆ ఇంటి ఈత కొలను చుట్టూ
నూట పన్నెండు బండలు.
బిల్లుల వాటికి ఏదో ఇటలీ పేరు.
నాకు మాత్రం బండే.
తాండూరు నాపరాళ్ల నడుమ పుట్టినోణ్ని,
గోటితో కొట్టి చెప్త
ఏది ఎంత దప్పిక మీదున్నదో.

నమ్మకపోతే ఒక నీటి చుక్క ఏసి చూడు.
గుండ్రంగ నిలబడితే రాయికి చాలైనట్టు.
నల్లబడి లోపలికి గుంజుకుంటే
ఇంకా తాగుతనే ఉన్నట్టు.
కొలను నీళ్లు, క్లోరిన్, గాలిల ఉప్పు,
పిల్లలు ఒలకబోసిన విమ్టో,
ఏదిచ్చినా వద్దనదు రాయి.
అదే దాని రోగం.
ఆ నోరు మూసేందుకే నాకు జీతం.

పగలు పూయొద్దు.
ఎండకు డబ్బా మూత తీస్తేనే
సగం మందు గాలికి పోతది.
తెల్లారగట్ల రెండింటికి మొదలువెట్టి
అజాన్ వినవడే దాకా ఒక వరుస.
మోకాళ్ల కింద గోనెపట్ట, చేతిల రోలర్,
ఎనకకు ఎనకకు జరుగుకుంట పోవాలె.
పూసినదాని మీద నీడ గూడ పడొద్దంటడు షౌకత్ భాయ్.
ఒక దినం ఒక రాత్రి తడి తగలొద్దు.
ఇంటోళ్లకు మూడు భాషలల్ల చెప్పినం.
తెలుగుల చెప్పాలని ఎవ్వరికీ తోచలే.

మర్నాడు వచ్చి చూస్తే
కొలను మెట్ల కాడికెల్లి వంటింటి తలుపు దాకా
తెల్లగ తేలిన అడుగులు. ఏడు.
పూత పచ్చిగున్నప్పుడు తడి తాకితే
పాలు ఇరిగినట్టు ఇరుగుతది.
చిన్న పాదం.
బొటనవేలు పక్కనున్న వేలు
దానికంటే పొడుగు.
మడమ పగుళ్లు గూడ అచ్చుపడ్డయి.
చెప్పుల్లేకుంట ఈ ఇంట్ల తిరిగేది ఒక్కరే.

చాయ్ గ్లాసు నా ముందర పెట్టి
వీరవేణి బండ దిక్కు చూడలే.
"మాది రాజోలు దగ్గరండీ," అన్నది, నేను అడగకముందే.
"కాలవ గట్టు మీదే ఇల్లు.
కాళ్లు నీళ్లలో పెట్టి మూడేళ్లయిందండీ.
గచ్చు తుడిచే నీళ్లు
లెక్కలోకి రావు కదండీ."
అంతే. ఖాళీ గ్లాసు కోసం గూడ ఆగలే.

మామా వచ్చింది. ఫోన్‌ల ఫొటో తీసింది.
షౌకత్ భాయ్ నా మొఖం చూసిండు.
"నాదే తప్పు. రాయి ఆరకముందే పూసిన,
కింది తేమ పైకొచ్చింది," అన్న.
కింది తేమకు అయిదు వేళ్లుంటయా అని
ఇద్దర్ల ఒక్కరన్న అడగాలె.
అడగలే.
మూడు దినాల కూలి కోసిండ్రు.

ఆ రాత్రి థిన్నర్‌ల ముంచిన గుడ్డతోని
ఒక్కొక్క అడుగు ముందల కూసున్న.
మడమ కాడ మొదలువెట్టి వేళ్ల దాకా,
ఆఖరుకు ఆ పొడుగు వేలు.
కాళ్లు కడిగి పిల్లనిచ్చిన మా మామ యాదికొచ్చి
ఒక్కణ్నే నవ్వుకున్న.

ఆరు పోయినయి.
ఏడోది వంటింటి తలుపు పక్కన,
హోస్ పైపు చుట్ట పెట్టే జాగల.
గుడ్డ ఎండిందో, అజాన్ ముందుగాల్నే అయిందో,
షౌకత్ భాయ్ అడిగితే ఏం చెప్పాల్నో
ఇంకా అనుకోలే.
దాని మీదికెల్లే రెండో పూత ఏసిన.

రెండు దినాలాగి చుక్క ఏసి చూసిన.
నిలబడ్డది.
లోపలికి పోలే.
లోపలున్నది బయటికి గూడ రాలే.