తోలు వాసన

ఇంట్లో మరాఠీ, నిమ్మలకుంట వీధిలో తెలుగు.
మేకతోలుకు ఏ భాషా లేదనుకునేదాన్ని.

ఇరవై రెండేళ్లకు ధర్మవరంలో రైలెక్కి
చివరికి జావాలో దిగాను,
చంకలో చాపలా చుట్టిన సీతమ్మతో.

సుమర్ని అనే ముసలామె
మా సీతను దీపానికి ఎత్తిపట్టింది.
ఉలి రంధ్రాలు వేలితో తడిమి,
ముక్కుకానించుకుని వాసన చూసి
నా మొహంలోకి "మే...?" అంది.
"మే" అన్నాను.
తన బొమ్మ చూపించి, నెత్తిన రెండు వేళ్లు కొమ్ములు చేసింది.
గేదె.
అంతే మా పరిచయం.

వాళ్ల సీతకు కళ్లు గీతలు, చేతులు మోకాళ్లు దాటి వేలాడతాయి.
ఇదేం సీత అనిపించింది.
మా సీత చేటంత కళ్లు చూసి
ఆమెకూ అనిపించే ఉంటుంది, పైకి అనలేదు.

రాత్రి తెర మీద వాళ్ల నీడ నల్లగా నడిచింది.
నీడ నలుపని నాకెవరూ చెప్పలేదు;
మా ఇంట్లో నీడలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
నా సీత తెర మీదికి రాగానే
పిల్లలు లేచి, రంగు ఎక్కడి నుంచి కారుతోందోనని
తెర వెనక్కి పరుగెత్తారు.

ఇంటికొచ్చాక ఆజీ ఒక్కటే అడిగింది:
"వాళ్లు బొచ్చు దేంతో గీకుతారు?"
అడగలేదు.
మళ్లీ పోవాల.