సలి లెక్క

దీపావళి పటాకుల వాసన పోకముందే
కాగజ్‌నగర్ల మిల్లు పొగ కిందికి వంగుతది.
అది సూసి నేను అటుక మీది అట్టపెట్టె దింపుత.

పోయినేటి స్వెట్టర్లు ముగ్గురికీ తొడిగి సూసిన.
సుప్రజ చేతులు బెత్తెడు బయటికొచ్చినయి.
సుప్రజది విఘ్నేష్‌కు,
విఘ్నేష్‌ది తన్వికి,
తన్విది పక్క క్వార్టర్ల బాలింత అడిగింది, ఇచ్చిన.
ఇగ పెద్దదానికే కొత్తది.

బస్టాండు గోడకు తాడు గట్టి
ఉన్ని బట్టలమ్ముతది నేపాలామె.
ఎర్రది ఆరు వందలన్నది, నేను మూడన్న.
బేరం నడుమల తన్వి దూరింది:
"మీ ఊర్లె మంచు ఎంత పడతది?"
ఆమె అరచెయ్యి నేలకు ఆనిచ్చి
మెల్లగ లేపి లేపి
తన నడుం కాడ ఆపింది.
తన్వి తన నెత్తి మీద చెయ్యి పెట్టి కొలుసుకున్నది.
మునుగుతనని తేలిందేమో,
ఇంటిదాక మాట్లాడలే.
నాలుగు వందలకు తెగింది.

మాకు గసొంటి మంచు లేదు.
మా మంచు పెద్దవాగు మీదికెల్లి లేసి
ఎదురింటి తలుపును మాయం జేసే మంచు.
కొబ్బరినూనె సీసల రాయయ్యే సలి.

కిటికీ రెక్క సందుల గోనెసంచి కుక్కిన.
పొద్దుటి తానాలు బందువెట్టిన,
బకెట్లు పగలంత ఎండల కాగుతయి, బడి నుంచి వచ్చినంక పోస్త.
నువ్వులు బెల్లం దంచి ముద్దలు గట్టిన,
రోజుకొకటే అంటె డబ్బా రెండొద్దులకే అడుగంటింది.
దొంగను అడుగలే, మూతికి నువ్వు అంటుకొనే ఉన్నది.

కుంపటి మాత్రం గడపవతలనే.
ఎంత ఏడ్సినా లోపటికి రానియ్య.
తలుపులేసుకొని నిప్పులు కాగినోళ్ళు
తెల్లారి లేవని ఇల్లు నేను సూసిన.

రాత్రి కప్పుకునేటి లెక్క మిగిలింది.
చెద్దర్లు రెండు, బొంత ఒకటి, గొంగడి ఒకటి.
మనుషులం ఐదుగురం.
పదకొండు గొట్టంగనే గొంగడి బయటికి పోతది,
ఓదెలు భుజం మీద, సుత్తె, లైటు, ఎర్రజెండా తోటి
రాళ్ళపేట దిక్కు.

"సలికాలమే ఎందుకు బాపు నడుసుడు?"
విఘ్నేష్ రోజు అడుగుతడు, తెలిసీ అడుగుతడు.
"సలికి ఇనుము ముడుసుకుంటది బిడ్డా.
గుంజుకొని గుంజుకొని ఏడనో ఒక కాడ
పట్టా పటుక్కుమంటది."
"మరి పట్టాలకు గొంగడి కప్పరాదు?"
"కాజీపేట దాక కప్పాల్నంటె
ఎన్ని మందల గొర్లు కావాలె రా!"
నవ్వుకుంట పోయిండు.
నవ్వు పొగలెక్క బయటికొచ్చి
గేటు దాక ఆయన ముందట నడిసింది.

పిల్లలు పడుకున్నంక
కరిగిన నూనె వాళ్ళ మడిమలకు రాస్త.
పగుళ్ళ మీద వేలు ఆగుతది,
ఆయన వేలు గూడ ఇప్పుడు ఏ అతుకు కాడనో ఆగి ఉంటది.
నా మడిమలకు నూనె సాలలే. రేపు సూద్దాం.

రెండింటికి బొగ్గు గూడ్సు.
గిన్నెలు గలగలమని, ఆగకుంట పోయింది.
పోయిందంటె పట్టా మంచిగున్నది.
ఆ సప్పుడు విని గాని నాకు కన్ను అంటదు.

తెల్లారి వచ్చి వాకిట్ల గొంగడి దులిపిండు.
సల్లని సుక్కలు తన్వి మొఖం నిండ.
"మంచు కురిసింది! మంచు కురిసింది!"
అరుసుకుంట నేపాలామెకు చెప్పొస్తనని ఉరికింది
చెప్పుల్లేకుంట.

ఆమె ఎనుక టోపీ పట్టుకొని నేను ఉరుకుతుంటె
కుంపటి కాడ విఘ్నేష్
అక్క స్వెట్టర్‌నే సూసుకుంట గొణుగుతుండు:
"రెండేండ్లకు నాకే వస్తది గద.
అమ్మా, ఎర్రది నేను తొడుగ.
ఇప్పుడే జెప్తున్న."