ఏడో గడి

ఆరు నెలలకని నన్ను అరువిచ్చింది యూనివర్సిటీ,
లైబ్రరీ పుస్తకం మీద తిరిగివ్వాల్సిన తేదీ గుద్దినట్టు.
సముద్రం మీది గాలి చదువుకున్నదాన్ని.
ఇంధన విభాగం, మూడో అంతస్తు,
బీరువాకీ కూలర్‌కీ మధ్య ఒక బల్ల,
దాని పొట్టి కాలి కింద మడత పెట్టిన పాత టెండరు కాగితం.

మొదటిరోజు నా థీసిస్ పట్టుకెళ్ళాను,
మూడు వందల పన్నెండు పేజీలు.
సూపరింటెండెంట్ కోరాడ జగ్గారావు గారు
రెండు చేతులా అందుకుని, బరువు చూసి
"బాగుందమ్మా, నాలుగింటికల్లా ఒక్క పేజీ చేసిచ్చీండి" అన్నారు.

'కావచ్చు' అని రాస్తే ఫైలు వెనక్కొస్తుంది.
'సుమారు' చెల్లుతుంది, పేజీకి ఒక్కసారే.
గ్రాఫులో రంగులొద్దు, జిరాక్సులో చచ్చిపోతాయి.
ఆకుపచ్చ సిరాతో 'చర్చించండి' అని వస్తే
చర్చించాలి.
ఎవరితోనో అందులో ఉండదు.

మే వచ్చింది.
ఉక్కునగరం అంటారు గానీ
ఈ నెల్లో కొమ్ము కరిగి కారిపోతుంది,
మిగిలేది ఉక్క.

పెదజాలారిపేటలో నలభై ఇళ్ళు,
సిమెంటు రేకుల కింద నలభై థర్మామీటర్లు.
దూలానికి నేను తాడు కడుతుంటే
అరిజిల్లి నూకరత్నం చేపల తట్ట దించి అడిగింది:
"జొరం ఎవలికమ్మా?"
ఇంటికి, అన్నాను.
నవ్వలేదు. తలూపింది, ముందే తెలిసినట్టు.

రాత్రి రెండు గంటలకు ఆ ఇంట్లో ముప్పై నాలుగు పాయింట్ ఆరు.
రెండు వందల అడుగులేస్తే సముద్రం.
ఏప్రిల్ బిల్లు ముప్పై ఎనిమిది యూనిట్లు.
ఫ్యాను ఉంది కదా, అంటే
"అది తిరిగితే మీటరూ తిరుగుద్ది.
గుంటల్నట్టుకుని ఇసకలోకెలిపోతాం."

ఆఫీసు పట్టికలో ఏడో గడి పేరు 'పొదుపు'.
వార్డు సగటు నూట పది, ఈమెది ముప్పై ఎనిమిది,
తీసివేస్తే డెబ్బై రెండు.
నలభై ఇళ్ళూ కలిపి తెర మీద వేస్తే
సమావేశం ముచ్చటపడింది.
ప్రజల్లో చైతన్యం, అన్నారొకరు.
ఈ నమూనా మిగతా వార్డులకూ, అన్నారింకొకరు.
బిస్కెట్లు వచ్చాయి.

ఇది పొదుపు కాదండీ, అన్నాను.
గొంతు నాకే కొత్తగా వినిపించింది.
కూలర్ నీళ్ళు బొట్టు బొట్టుగా బకెట్లో.

సాయంత్రం అందరూ వెళ్ళాక
జగ్గారావు గారు కళ్ళజోడు తుడుస్తూ కూచున్నారు.
"మరేం రాద్దాం? లేమి అంటే సంక్షేమానికి పంపెస్తారు.
చెమట అంటే పద్దే లేదు."
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, నాతో కాదు, కిటికీతో అన్నట్టు:
"హుద్‌హుద్‌కి మా వీధిలో పదకొండు రోజులు కరెంటు లేదు.
అమ్మకి విసనకర్ర విసిరి విసిరి ఈ భుజం పట్టేసింది.
ఆ నెల లెక్కల్లో మా వీధికే మొదటి స్థానం, పొదుపులో.
ఆ లెక్క కట్టింది నేనే."

పెన్ను తీశారు.
మాట కొట్టేసి పైన రాశారు, ముత్యాల్లాంటి అక్షరాలతో:
వాడలేకపోయిన యూనిట్లు.
పక్కన పొట్టి సంతకం.

ఫైలు పైకి వెళ్ళింది.
పన్నెండు రోజులకు దిగింది.
ఆకుపచ్చ సిరా: చర్చించండి.
ఆయన ఫైలు చంకలో పెట్టుకుని, హెల్మెట్ తీసుకుని
"పేటకి ఏ బస్సు ఎక్కుతారు మీరు?" అన్నారు.

ఆ చర్చ సంగతి రాయను. అది ఇంకా సాగుతోంది.
పైకప్పులకి సున్నం తెలుపు వేయిస్తారో లేదో,
రాత్రి రేటు తగ్గిస్తారో లేదో,
ఒక్క పేజీలో చెప్పమంటే
నా దగ్గరున్నది 'కావచ్చు' ఒక్కటే.

నా తేదీ వచ్చేసింది.
థర్మామీటర్లు విప్పుకోడానికి వెళ్ళాను.
ముప్పై తొమ్మిది సంచీలోకొచ్చాయి.
నూకరత్నం దూలం కింద అడ్డంగా నిలబడింది.
"ఉంచీవమ్మా. దిగుద్దేమో సూత్తాను."

డిపార్ట్‌మెంటు స్టాకు రిజిస్టర్లో
నలభయ్యో వరుస ఎదురుగా
'పోయినది' అని రాయాలి, 'పాడైనది' అనైనా రాయాలి.
నేను రాసింది:
వాడుకలో ఉంది.