ఏడో నంబరు క్రేను

వాల్పరైసో రేవులో ఏడో నంబరు క్రేను నాది.
నూట తొంభై ఆరు మెట్లు.
ఎక్కేటప్పుడు ఎవరూ లెక్కపెట్టరు.
ఆ జూన్ చలిలో దిగేటప్పుడు లెక్కపెట్టాను,
పళ్ళు బిగబట్టి,
చుక్క జారకుండా.

రోజుకి రెండుసార్లు దిగేవాణ్ణి
తొమ్మిదిసార్లు దిగుతున్నాను.
కింద మేస్త్రీ బల్తసార్ గడియారం చూసి అరిచేవాడు:
"ఏం కత్రిలేయో, ఎన్నో నెల నీకు?"
ఓడ మీది ఫిలిప్పీన్ కుర్రాళ్ళు
మాట అర్థం కాకపోయినా నవ్వారు.
నేనూ నవ్వాను.
తేలు కుట్టిన దొంగ అరుస్తాడా?

ఇంతా చేసి, పరిగెత్తి వెళ్తే వచ్చేది
అరచెంచా. అదీ కారం కలిపినట్టు.
మిగతాదంతా లోపలే,
ఎవరో తలుపు సగం మూసి
వెళ్ళిపోయినట్టు.

కూర్చునే చోట, సరిగ్గా కూర్చునే చోటే
వేడి గులకరాయి ఒకటి.
పన్నెండు గంటలు దాని మీదే కూర్చుని
ముప్పై టన్నుల డబ్బాలని
గుడ్డు పెట్టినంత మెల్లగా
లారీల మీద పెట్టాను.
మంచినీళ్ళు మానేశాను. కాఫీ మానలేదు.
తెలివితేటలు అలా ఉండేవి.

రాత్రి నీవెస్ వీపు మీద చెయ్యేస్తే
నిద్ర నటించాను.
సుఖం కొసన సూది ఉందని
ఇరవై రెండేళ్ళ కాపురంలో
ఏ మాటతో మొదలుపెట్టను?
మూడో వారం, దుప్పటి అంచు మడిచి విప్పుతూ అడిగింది:
"దాని పేరేంటి?"
నీళ్ళకే భయపడుతున్న నెలలో
నీళ్ళు నమిలాను.
పేరు అప్పటికి నాకూ తెలీదు.

మా నాన్న చేపల పడవలో పనిచేశాడు.
రాత్రుళ్ళు మంచం కింద రేకు డబ్బా
టప్... టప్... ఆగి, మళ్ళీ టప్.
పిల్లలం వాన అనుకునేవాళ్ళం.
ఆయన కూడా వానే అన్నాడు.

డాక్టర్ ఓర్మేన్యో నా కూతురి ఈడుది.
చేతికి తొడుగు వేసుకుంటుంటే
ఉప్పుగాలికి ఉబ్బిన గోడ సున్నాన్నే చూశాను.
అర నిమిషం.
దానికోసమా ఆరు నెలలు దాక్కున్నాను!
"కాన్సర్ జాడలేం లేవు," అంది, నేను అడగకముందే.
"ప్రోస్టేట్ వాచింది. అక్రోటుకాయంత గ్రంథి,
మూత్రం దారి దాని నడుమనుంచే.
ఇరవై ఐదేళ్ళవాళ్ళూ వస్తారు దీంతో.
అందరూ ఆలస్యంగానే వస్తారు."

నాలుగు వారాలు మాత్రలు.
తగ్గింది. ఆగస్టులో మళ్ళీ వచ్చింది.
ఈసారి పరీక్షలో సూక్ష్మజీవి లేదు, నొప్పి ఉంది.
అబద్ధమాడుతున్నానేమోనని
నాకే నా మీద అనుమానం.

అప్పుడు పంపారు వ్యాయామాలు నేర్పే మనిషి దగ్గరికి.
"లోపల పిడికిలి బిగించి కూర్చున్నారు మీరు,
ఎన్నేళ్ళుగానో. విప్పండి."
ఎలా?
"మీ పనేంటి?"
చెప్పాను.
"డబ్బా దించేటప్పుడు తాడు ఎలా వదుల్తారు?"
గాల్లో చెయ్యి ఆడించి చూపించాను.
"అదే," అన్నాడు.

పౌరుషమంటే బిగబట్టడమని
మాకెవరు చెప్పారో గాని
వదలడం నేర్చుకోడానికి చలికాలం మొత్తం పట్టింది.
ఇంకా కొన్ని రోజులు రాయి వేడెక్కుతుంది.
నీవెస్‌కి చెప్తాను. ఆమె వేడినీళ్ళ సీసా తెస్తుంది,
పేరు పెట్టింది దానికి, ఆ రెండో ఆవిడకి: దోన్యా అక్రోటు.
నవ్వితే నొప్పి తగ్గదు. పక్కకి జరుగుతుంది.

నిన్న మధ్యాహ్నం
నూట తొంభై ఆరు మెట్లూ ఎక్కి వచ్చాడు బల్తసార్,
పదేళ్ళలో మొదటిసారి.
రొప్పుతూ ఫుట్‌బాల్ గురించి మాట్లాడాడు,
గాలి గురించి, బోనస్ గురించి.
కూర్చోమంటే కూర్చోలేదు.
నడిమిన కోసిన నా మెత్త వైపు చూసి
కిటికీలోంచి సముద్రాన్ని అడిగినట్టు అడిగాడు:
"ఇది... ఎక్కడ దొరుకుతుంది?"